ఐదో చుక్క

ఇంకా యాభై నిమిషాలు. పదకొండింటికి రెండో బొమ్మ తియ్యాలి. అప్పటిదాకా మా వదిన ఆ గదిలో కూర్చోవాలి, నేను ఈ గదిలో కూర్చోవాలి, మా ఇద్దరి మధ్యా సీసం రేకులు వేసిన గోడ ఉండాలి. ఈ రూలు నేను పెట్టింది కాదు గానీ, పందొమ్మిదేళ్లుగా ఈ ఆసుపత్రిలో అందరి చేతా పాటింపజేస్తున్నది నేనే. సొంత ఆడపడుచు వచ్చిందని ఇవాళ సడలిస్తే నా పరువేం కావాలి. తొమ్మిదింటికి ఆవిడ చేతికి మందు ఎక్కించాను. ఒక్క పోటుకే నరం దొరికింది, దొరక్కపోతే ఇక నేనెందుకు. ఆ మందులో చిటికెడు రేడియేషన్ ఉంటుంది, రేపటికి పోతుంది, అందాకా పసిపిల్లల్ని ఎత్తుకోకండి వదినా, ఇవాళంతా మీ పక్కన ఎక్కువసేపు కూర్చోవడం ప్రమాదం అని అందరికీ చెప్పినట్టే చెప్పాను. ఇవాళ కొత్తగా ఏముందే, మీరంతా ఎప్పుడూ అనేది అదే కదా అంది. నవ్వకుండా అంది. ఎదుటివాళ్లని నవ్వించేటప్పుడు ఆవిడ నవ్వదు. గోడ మీది చిన్న టీవీలో ఇప్పుడు ఆవిడే కనిపిస్తోంది, ఆసుపత్రి గౌనులో, ప్లాస్టిక్ కుర్చీలో, ఎడమ పిడికిలి దవడ కింద ఆనించుకుని. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ అదే వరస. పేపరు చదివినా, వంటింట్లో ముచ్చట పెట్టినా, నన్ను తప్పు పట్టినా ఆ పిడికిలి అక్కడే ఉంటుంది. మావారిని అడిగితే చిన్నప్పుడు అక్క అలాగే నిద్రపోయేది కూడా అన్నారు.

మందు లోపల తన పని తాను చేసుకుంటోంది. మెడలో థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత గ్రంథులు నాలుగుంటాయి, పారాథైరాయిడ్ అంటారు, రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో చూసుకోవడమే వాటి ఉద్యోగం. నాలుగింట్లో ఒకటి గడ్డ కట్టి పెత్తనం మొదలుపెట్టిందంటే ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలో పోస్తుంది. ఎముక డొల్ల అవుతుంది, మూత్రపిండాల్లో రాళ్లు పడతాయి, మనిషికి మతిమరుపు, నీరసం, అయినదానికీ కానిదానికీ చిరాకు. చాలామందిలో అది క్యాన్సర్ కూడా కాదు. ఆ ఒక్క గడ్డా తీసేస్తే మనిషి మళ్లీ మనిషవుతుంది, కాకపోతే తియ్యాలంటే అదెక్కడ నక్కిందో తెలియాలి. నేనిచ్చే మందును మెడలో ఉన్నవన్నీ కాస్త కాస్త తాగుతాయి, థైరాయిడ్‌తో సహా. రెండు గంటల్లో అది వదిలేస్తుంది. చెడిపోయిన గ్రంథి వదలదు. అందరూ లేచి వెళ్లిపోయాక కూడా కుర్చీ పట్టుకుని కూర్చున్నవాడెవడో వాడే దొంగ, నా చదువంతా ఈ ఒక్క ముక్కే. నిన్న సాయంత్రం ఆపరేషన్ డాక్టరమ్మ వరండాలో నన్ను ఆపి, రేపటి బొమ్మలో చోటు చూపిస్తే ఈ వారమే తీసేస్తాను, చూపించకపోతే ఆ మెడ మళ్లీ తెరవను అని చెప్పింది. ఆవిడ తప్పేం లేదు. ఒకసారి కోసిన మెడలో లోపలంతా అతుక్కుపోయి ఉంటుంది, గొంతు నరం ఎక్కడుందో పోల్చుకోలేరు, గుడ్డిగా వెతికితే మాట పడిపోవచ్చు. మాట పడిపోతే మా వదిన బతికున్నట్టు ఆవిడే ఒప్పుకోదు. అలాగని వదిలేస్తే కాల్షియం నెలనెలా ఎక్కుతోంది, మూత్రపిండాలు సగమే పనిచేస్తున్నాయి, అవి ఏడాది కూడా ఆగవంటున్నారు. రంగు మందు ఎక్కించి తీసే స్కాను ఆ మూత్రపిండాలు తట్టుకోలేవు. ఇక మిగిలింది నా కెమెరా.

నాలుగు నెలల కిందట కూడా నా కెమెరానే. అప్పుడు ఆవిడ మణికట్టు విరిగి కట్టులో ఉంది, నీళ్ల బకెట్టు ఎత్తితే విరిగింది, అంత డొల్ల ఎముక. కట్టు కట్టిన ఎముకల డాక్టరుకే అనుమానం వచ్చి రక్తపరీక్ష రాశాడు. ఆ కట్టు చేతితో కెమెరా చుట్టూ తిరిగేంతసేపు కదలకుండా పడుకోలేదని ఎదురుగా ఒకటి, పక్కవాటుగా రెండు బొమ్మలు తీసి సరిపెట్టాను. ఏమీ కనపడలేదు. రిపోర్టులు రాసే డాక్టరు కూడా అదే రాశాడు. అల్ట్రాసౌండులో మాత్రం కుడివైపు ఏదో ముద్దలా కనిపిస్తే అదే అయి ఉంటుందని డాక్టరమ్మ తెరిచింది. తీసి చూస్తే ఉత్త బిళ్ల, జలుబు చేస్తే మెడలో కట్టే బిళ్ల లాంటిది. కాల్షియం ఉన్నచోటే ఉంది. వదిన మెడకి అడ్డంగా ఒక గీత మిగిలింది. జిప్పు కుట్టించుకున్నాను, ఈసారి తెరవడం తేలిక అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించింది. నేను కూడా నవ్వాను. నా బొమ్మలో కనపడలేదంటే లేనట్టే అని అందరూ అనుకుంటారు, అందరి కంటే ముందు నేను. పొగరనుకుంటే అనుకోండి. ఒక లారీ డ్రైవరుకి రెండు ఊళ్లలో వెతికి చేతులెత్తేశారు, ఇక్కడికి పంపించారు, నేను కెమెరాని ఇంకాస్త కిందికి దించి ఛాతీలో, గుండె పక్కన పట్టుకున్నాను. తల్లి కడుపులో ఉండగా ఈ గ్రంథులు దవడ దగ్గర పుట్టి మెల్లగా మెడలోకి దిగుతాయి. కొన్ని బస్సులో నిద్రపోయినవాళ్లలా స్టాపు దాటి ఛాతీలోకి పోతాయి. ఆ డ్రైవరు కథ అయ్యాక ఆసుపత్రంతా నన్ను కెమెరా అక్క అనడం మొదలుపెట్టింది. అప్పటి నుంచీ ఎవరిది కనపడకపోయినా కిందికే దించుతాను, ఇంకా కిందికి, ఇంకా కిందికి.

బొమ్మకి పైన నల్ల పెట్టె పెడతాను. అది కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే నా బొమ్మలకి అద్దం లాంటి బొమ్మలని పేరొచ్చింది ఆ పెట్టె వల్లే. ఉమ్మి ఊరించే గ్రంథులు నాలుగుంటాయి, బుగ్గల పక్కన రెండు, దవడ కింద రెండు. అవి కూడా ఈ మందు తాగుతాయి, తాగి దీపాల్లా వెలుగుతాయి, ఎంతకీ వదలవు, వాటి వెలుగులో కింద మెడ మసకబారిపోతుంది. నేను కొత్తగా చేరినప్పుడు అప్పటి పెద్ద డాక్టరు, ఇప్పుడు రిటైరై తోటపని చేసుకుంటున్నాడు, ఒక చిట్కా నేర్పాడు. వాటి మీద నల్లగా ఒక పెట్టె గీసెయ్యమ్మా, మెడ తేటగా తెలుస్తుంది, చూసేవాడికి కంటికి సుఖం అన్నాడు. గీశాను. పందొమ్మిదేళ్లు గీస్తూనే ఉన్నాను, ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఇవాళ తొమ్మిదింబావుకి మొదటి బొమ్మ వచ్చీ రాగానే చెయ్యి దానంతట అదే మౌసు లాగి పెట్టె గీసి, రిపోర్టు డాక్టరు గదికి పంపించేసింది. బొమ్మలో ఏమీ లేదు. థైరాయిడ్ ఉంది, ఇంకేం లేదు. పర్లేదు, పదకొండింటికి తెలుస్తుంది, ఈసారి చెయ్యి బాగైంది, కెమెరాని చుట్టూ తిప్పుతాను, దాంతో పాటే ఉన్న సీటీ కూడా తీస్తాను, కిందికి, గుండె దాకా. దొరకకుండా ఎక్కడికి పోతుంది. ఇలా అనుకుంటూనే టీవీ వైపు చూశానా, వదిన కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది. గౌను అంచు రెండు చేతులతో పట్టుకుని, కంటి ఎత్తుకి లేపి, ట్యూబులైటుకి ఏటవాలుగా వంచి చూస్తోంది. మైకు నొక్కి ఏం చేస్తున్నారు వదినా అన్నాను. ఈ గుడ్డ పాసు చేసిన మహానుభావులెవరే, మూరకో పోగు లేదు అంది, అని మళ్లీ చూడసాగింది.

ముప్పై మూడేళ్లు మిల్లులో గుడ్డ చెకింగ్ చేసింది. ఆరేళ్లయింది మానేసి, కళ్లు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. పెళ్లైన కొత్తలో ఒకసారి నన్ను మిల్లుకి తీసుకెళ్లింది, మావారు వద్దంటున్నా వినకుండా. పొడుగాటి గది, వరసగా అద్దపు బల్లలు, బల్లల కింద లైట్లు, ఒక్కో బల్ల మీదుగా గుడ్డ తాను మెల్లగా జారుతూ ఉంటే ఒక్కో మనిషి నిలబడి చూస్తూ ఉంటుంది. పిడుగు పడ్డా వినపడదు, మగ్గాల మోత అలాంటిది, అందరూ సైగలతో మాట్లాడుకుంటున్నారు. వదిన నన్ను బల్ల ముందు నిలబెట్టి ఇందులో తప్పెక్కడుందో చెప్పు అంది. తెల్లటి గుడ్డ, కింద తెల్లటి వెలుగు, నాకేం కనపడలేదు. బాగానే ఉంది వదినా అన్నాను. అప్పుడు ఆవిడ తాను కొస పట్టుకుని పైకి లేపి పక్కకి వంచింది, అంతే, మధ్యలో వేలెడు మేర పోగు లేదు. నా చెవిలో అరిచి చెప్పింది, ఎదురుగా చూస్తే గుడ్డ అబద్ధం ఆడుతుంది, వంచి చూడాలి, పైగా వెలుగు ఎక్కువున్న చోట కన్ను బద్ధకిస్తుంది, అక్కడే రెండుసార్లు చూడాలి అని. చూసిన ప్రతి తానుకీ అంచున నీలం ముద్ర వేసేది, ముప్పైనాలుగు, అది ఆవిడ నంబరు. కొన్నవాడు తప్పుందని వెనక్కి పంపితే ఆ తాను ఎవరి ముద్రతో పోయిందో తిరిగి ఆ బల్ల మీదికే వచ్చేది. జరిమానా లేదు, తిట్లు లేవు. తప్పు తానే వెతికి, దాని పక్కనే తన నంబరు రెండోసారి ముద్ర వెయ్యాలి. అందరి ముందూనా, సిగ్గు కాదూ అని అడిగాను. సిగ్గెందుకే, దాన్ని నాకంటే బాగా ఇక ఎవరు చూస్తారు అంది. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, ఆ మాట నాకు అర్థం కాలేదు, ఆకలేసింది, క్యాంటీనులో టీ తాగి వచ్చేశాం.

వదిన చెకింగ్ కత్తెర గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. పోగులు కత్తిరించే బుల్లి కత్తెర, మిల్లు మానేసినా చేతిసంచిలో పెట్టుకుని తిరిగేది. రెండేళ్ల కిందట అది పోయింది. మా ఇంటికొచ్చి, అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు, నా కత్తెర నీ పెళ్లామే తీసిందిరా అని తమ్ముడితో చెప్పింది. మా పిల్లల ముందు. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. ఎనిమిది నెలలు మాట్లాడలేదు, రెండిళ్ల అవతలే ఉంటుంది, రోజూ కనపడుతుంది, అయినా మాట్లాడలేదు, పంతమంటే నా దగ్గర నేర్చుకోవాలి ఎవరైనా. తర్వాత అది ఆవిడ బియ్యం డబ్బాలోనే దొరికింది. ఆవిడే పెట్టుకుంది, పెట్టుకున్న సంగతి గుర్తు లేదు. దొరికిన రోజు కబురు చేసింది, కత్తెర దొరికింది అని, అంతే, తప్పైందని మాత్రం అనలేదు. నేను కూడా సరే అన్నాను. మావారితో మాత్రం మీ అక్కకి చాదస్తం ముదిరింది అన్నాను. చాదస్తమట. ఆవిడకి అప్పటికే రెండుసార్లు మూత్రపిండంలో రాళ్లు, పొద్దస్తమానం నీరసం, రాత్రిళ్లు నిద్ర లేదు, ఊరికే కళ్లనీళ్లు, చెప్పింది పదిసార్లు చెప్పడం. ఈ బల్ల ముందుకి ఎవరొచ్చి ఇవన్నీ చెప్పినా నిమిషంలో పట్టేస్తాను, కాల్షియం చూపించుకోండి అంటాను. మా ఇంట్లో మనిషి చెప్తే చాదస్తం అన్నాను. కెమెరా అక్క. నాకు సిగ్గేసింది, ఇప్పుడు కాదు, ఆ ఎముకల డాక్టరు కాగితం చూసిన రోజే వేసింది, ఆ సిగ్గుతోనే నాలుగు నెలల కిందట ఆవిడ బొమ్మలు మరీ శ్రద్ధగా, మరీ తేటగా తీశాను.

మరీ తేటగా. వదిన ఇంకా గౌను వంచి చూస్తూనే ఉంది. వెలుగు ఎక్కువున్న చోట కన్ను బద్ధకిస్తుంది. నా వేళ్లు మౌసు మీద ఉన్నాయి, తెర మీద ఇందాకటి మొదటి బొమ్మ, పైన నల్ల పెట్టె. ఆ పెట్టె కింద ఏముందో నాకు తెలుసు, అందరికీ ఉండేవే, నాలుగు దీపాలు. తెలుసు అనుకుంటూనే పెట్టె తీసేశాను. దీపాలు వెలిగాయి, కళ్లు చెదిరాయి, బుగ్గల పక్కన రెండు, దవడ కింద రెండు, అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఎడమ దవడ కిందది కుడిదాని కంటే కొంచెం లావుగా ఉంది. ఉంటుంది, అందరి ముఖాలూ కొలిచి చేస్తారా ఏమిటి. కానీ చెయ్యి ఆగలేదు. పాత ఫైలు తెరిచాను, నాలుగు నెలల నాటిది. పెట్టె డాక్టరుకి పంపే బొమ్మ మీద మాత్రమే ఉంటుంది, అసలు బొమ్మ మెషీన్లో అలాగే ఉంటుంది, చోటు కోసం ఆర్నెల్లకోసారి తీసేసేదాకా, ఈసారి ఆ గడువు ఈ నెలాఖరే. ఎదురు బొమ్మలో పెట్టె తీశాను. అదే లావు, ఎడమవైపే. పక్కవాటు బొమ్మ తెరిచాను, ముఖం కుడికి తిప్పించి తీసింది, నేనే తీసింది, నేనే కప్పింది. పెట్టె జరిపాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. దవడ కింది దీపానికి వెనకగా, దాన్ని ఆనుకుని, చిన్నగా, గుండ్రంగా ఐదు. మళ్లీ లెక్కపెట్టాను. వేలితో తెర మీద పొడిచి లెక్కపెట్టాను, ఐదు. ఎదురుగా చూస్తే రెండూ ఒకటిగా కలిసిపోయాయి, వంచితే విడిపోయాయి.

కొన్ని గ్రంథులు అసలు స్టాపు దాకా రావు, ముందు స్టాపులోనే దిగిపోయి దవడ దగ్గరే ఉండిపోతాయి. పుస్తకంలో ఉంది. చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా పడ్డాయి. ఆ డ్రైవరు నన్ను పాడు చేశాడు, పాపం ఆయన తప్పేముంది, నా పేరు నన్ను పాడు చేసింది, కిందికి చూడ్డమే నేర్చుకున్నాను. ఐదో చుక్క అదే, నాకు అనుమానం లేదు, నా చేతిలో ఉన్న మౌసు మీద ఒట్టు. అంటే ఆ రోజే ఉంది. ఆ రోజే ఆ పెట్టె గీయకుండా ఉంటే వదిన మెడ మీద ఆ గీత ఉండేది కాదు, నాలుగు నెలల కాల్షియం ఆ మూత్రపిండాల మీద పడేది కాదు. జిప్పు అంటే నవ్వాను. కుర్చీలో వెనక్కి వాలి కాసేపు పైకప్పు చూశాను, పైకప్పులో ఒక పలక పగిలి ఉంది, దానికి ఎవరో కాగితం అంటించారు, అది ఎన్నాళ్ల నుంచి ఉందో. నేను ఏడ్చే మనిషిని కాదు. కాసిని నీళ్లు వచ్చాయి, తుడుచుకున్నాను, గడియారం చూశాను, పదీ నలభై. ఇంకో సంగతి తట్టింది. ఈ మెషీన్లో ఏమీ కనపడలేదని రాసి పంపించిన బొమ్మలు ఇంకా ఎన్నున్నాయి. వెతికాను. పదకొండు. పదకొండు మెడలు, పదకొండు నల్ల పెట్టెలు, నెలాఖరుకి ఇంకా ఆరు రోజులు.

రిపోర్టు డాక్టరును పిలిచాను. నాకంటే పదేళ్లు చిన్న, మంచివాడు, తొందర మనిషి, టీ కప్పుతో వచ్చాడు. పక్కవాటు బొమ్మ చూపించాను, వేలు పెట్టి లెక్కపెట్టించాను. కప్పు పక్కన పెట్టి తెర దగ్గరికి వంగాడు. ఉమ్మి ఒకచోట నిలిచినా ఇలా కనిపించొచ్చు కదా అన్నాడు. నాలుగు నెలల తేడాతో రెండుసార్లు ఒకే చోట నిలుస్తుందా అన్నాను. అయినా సరే, నోరు పుక్కిలించి నీళ్లు తాగమని మైకులో వదినకి చెప్పాను, పదకొండింటికి సీటీతో కలిపి చూస్తే గ్రంథిలో ఉందో గ్రంథి వెనక ఉందో తేలిపోతుందని ఆయనా ఒప్పుకున్నాడు. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. ఆ రిపోర్టు కింద సంతకం ఆయనదే మరి. గొంతు తగ్గించి, కాస్త ఇబ్బందిగా అన్నాడు.

"అక్కా, ఇవాళ దొరికితే ఇవాళే దొరికినట్టు రాద్దాం. పాతది ఎలాగూ నెలాఖరుకి పోతుంది. తవ్వుకుని మనకేం వస్తుంది?"

తప్పుడు మనిషి కాదు, ఎవరైనా అనే మాటే అన్నాడు. పైగా నేను సరే అంటే ఎంత బావుంటుందో కూడా నాకు తెలుసు. కెమెరా అక్క మళ్లీ పట్టేసింది, ఎవరికీ కనపడనిది పట్టేసింది, సొంత వదినని బతికించుకుంది, క్యాంటీనులో వారం రోజులు ఇదే ముచ్చట. ముందు బొమ్మ తియ్యనివ్వండి అన్నాను. ఆయన వెళ్లిపోయాడు. టీ కప్పు మరిచిపోయాడు.

పదకొండైంది. వదినని లోపలికి తీసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టాను. తల కింద మెత్త సర్దాను, నుదుటికి పట్టీ వేశాను, కెమెరా రెండు పలకలు ముఖానికి అంగుళం దూరం దాకా వచ్చాయి. చాలామంది ఇక్కడ భయపడతారు, వదిన కెమెరా పలకకి ఉన్న గీతలు చూసి దీన్నెవరూ తుడవరా అంది. ఎడమ పిడికిలి మళ్లీ దవడ కిందికి పోయింది. ఆ చెయ్యి దించండి వదినా, బొమ్మకి అడ్డం అన్నాను. దించింది, దించి నా మణికట్టు పట్టుకుంది. ఈసారీ కనపడకపోతే మళ్లీ నన్ను ఇక్కడికి తేవద్దే, నీకూ నాకూ ఈ తిప్పలు చాలు అంది. నేను కనపడుతుంది అన్నాను. అంత గట్టిగా ఎవరికీ చెప్పను, రూలు కాదు. ఇరవై అయిదు నిమిషాలు కెమెరా ఆవిడ చుట్టూ తిరిగింది, ఒక్కో అడుగూ ఆగి ఆగి, నేను అద్దం ఇవతల నిలబడే ఉన్నాను, కూర్చోబుద్ధి కాలేదు. తర్వాత సీటీ, రెండు నిమిషాలు. థైరాయిడ్ మందు వదిలేసింది, మెడంతా చీకటి. ఉమ్మి గ్రంథులు వెలుగుతున్నాయి. ఈసారి పెట్టె గీయలేదు. సీటీ బొమ్మ మీద రంగు బొమ్మ పరిచి, ఎడమ దవడ మూల దగ్గర పలకలు పలకలుగా కోసుకుంటూ వెళ్లాను. ఉమ్మి గ్రంథి అయిపోయింది, దాని వెలుగు అయిపోయింది, సన్నటి నల్లని సందు, ఆ వెనక పెద్ద రక్తనాళం పక్కన శనగగింజంత గడ్డ, పూర్తిగా విడిగా, ఎర్రగా వెలుగుతూ. కుర్చీ వదలనివాడు. రిపోర్టు డాక్టరు ఎప్పుడు వచ్చి నా వెనక నిలబడ్డాడో తెలియదు. ఇదే అక్కా అన్నాడు. డాక్టరమ్మకి ఫోను చేశాడు. ఆవిడ పైనుంచి దిగి వచ్చి, తెర చూసి, తన మెడ మీద తనే వేలు పెట్టి కొలుచుకుని, పాత కోతతో పని లేదు, అటు వెళ్లనే అక్కర్లేదు, గురువారం తీసేస్తాను అంది. గురువారం. గొంతు నరం జోలికి పోకుండా. నేను తల ఊపాను.

వదిన మళ్లీ తన గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. మైకులో చెప్పవచ్చు, ఎక్కువసేపు దగ్గర ఉండకూడదని నేనే అందరికీ చెప్తాను. తలుపు తీసుకుని లోపలికి వెళ్లాను.

"దొరికింది వదినా. గురువారం తీస్తారు. గొంతుకేం కాదు."

ఆవిడ కళ్లు మూసుకుని ఒకసారి గట్టిగా గాలి పీల్చి వదిలింది. తర్వాత ఎక్కడ అని అడిగింది. నేను చెయ్యి చాపి చూపించబోయాను, అక్కడ ఆవిడ పిడికిలి ఉంది. ఆ పిడికిలి మీదే వేలు పెట్టాను. ఆవిడ చెయ్యి తీసి, దాని వంక కొత్తగా చూసుకుంది.

"ఇన్నాళ్లూ నా చేతి కిందేనా?"

"మీ చేతి కిందే."

నవ్వబోయి ఆగింది. కళ్లు చిన్నవయ్యాయి, ఆ చూపు నాకు తెలుసు, గుడ్డని చూసే చూపు అది. మరి అప్పుడెందుకు కనపడలేదే అని అడిగింది. నిజానికి ఆ క్షణంలో నేను అబద్ధం చెప్పక్కర్లేదు కూడా, మెషీను అలాంటిది, చెయ్యి కట్టులో ఉంది, సరిగ్గా తియ్యలేకపోయాం అంటే చాలు, అన్నీ నిజాలే. ఆ మెడ మీద గీత నాకు ఎదురుగా ఉంది.

"కనపడింది వదినా. అప్పుడూ అక్కడే ఉంది. నేనే నల్ల పెట్టె గీసి కప్పేశాను, బొమ్మ శుభ్రంగా ఉంటుందని. మీ మెడ ఊరికే కోయించాను."

ఆవిడ చెయ్యి ఆ గీత మీదికి వెళ్లింది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తడుముకుంది. తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను కూడా, తిట్టి ఉంటే నేను తేలికగా ఏడ్చేసేదాన్ని. నా ముఖం వంక చూసింది. అయితే నీ చేతి కింద కూడా ఉందన్నమాట అంది. ఊఁ అన్నాను. నీ బల్ల మీదికే తిరిగొచ్చిందా అని అడిగింది. నా బల్ల మీదికే వచ్చింది అన్నాను.

"మరిక్కడ నిలబడి నన్ను చూస్తావేం? వెళ్లి ముద్ర వెయ్యి."

తలుపు దాకా వెళ్లాక వెనక నుంచి పిలిచింది. నా వైపు చూడలేదు, గౌను అంచులోని పోగు ఒకటి లాగుతోంది. ఆ కత్తెర నువ్వు తియ్యలేదే, ఆ రోజు అందరి ముందూ అన్నాను, తప్పు నాదే అంది. తెలుసు వదినా అన్నాను. తెలిస్తే సరిపోదు, నేను చెప్పాలిగా అంది.

నా గదికి వచ్చి కూర్చున్నాను. పాత పక్కవాటు బొమ్మ, పెట్టె తీసేసినది, ఇవాళ్టి బొమ్మ, రెండూ పక్కపక్కన పెట్టాను. కింద రాశాను, ఈ గడ్డ నాలుగు నెలల కిందటి బొమ్మలోనూ ఉంది, పై భాగం నేను కప్పినందువల్ల చూడలేదు అని. నా పేరు రాశాను, ఉద్యోగం నంబరు రాశాను, తేదీ వేశాను. రిపోర్టు డాక్టరు నిలబడి రెండుసార్లు చదివాడు. నా పేరు కింద తన సంతకం పెట్టాడు. పెట్టి, చల్లారిపోయిన టీ కప్పు తీసుకుని, నెలాఖరున పాతవేవీ తీసెయ్యొద్దని కంప్యూటరు గదికి చెప్తాను అని వెళ్లిపోయాడు. టీవీలో వదిన పిడికిలి అలవాటుగా దవడ దాకా లేచింది, మధ్యలో ఆగింది, ఒళ్లోకి దిగింది. నేను ఆ పదకొండు బొమ్మల్లో మొదటిది తెరిచాను. ఎవరో నాకు తెలియని మనిషి మెడ, నా చేత్తోనే గీసిన పెట్టె. తీసేసి, ముఖం పక్కకి వంచిన బొమ్మ పెట్టుకుని, ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.